ఏడో పెట్టె

లింబాయత్‌లో పరుశురాం ఉండే గల్లీలో ఎవరినైనా ఆపి ఆయనేం పని చేస్తాడని అడగండి, "రాళ్ళ పని" అంటారు. సూరత్‌లో రాళ్ళ పనంటే వజ్రాల పనే కాబట్టి ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు కళ్ళు పెద్దవి చేస్తారు. వజ్రాలు సానబట్టేవాడు ఈ రేకుల ఇంట్లో ఎందుకుంటాడని మాత్రం ఒక్కరికీ తట్టదు. ఆయన భార్య సంతోషి నవ్వి, "అవు, మస్తు పెద్ద రాళ్ళు. ఒక్కోటి రెండు మూడు కిలోలుంటయ్" అని, ఒళ్ళో ఉన్న చీరకు చమ్కీలు అతికించే పనిలో పడిపోతుంది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. హజీరా రోడ్డులో ఒక చమురు కంపెనీకి పెద్ద షెడ్డుంది. బావి తవ్వేటప్పుడు కావలసిన లోతులో రాయిని పిండి చేయకుండా గుండ్రటి కడ్డీలా కోసి పైకి తీస్తారు. దాన్ని కోర్ అంటారు. మోచేతి లావుండే ఆ కడ్డీ పైకొచ్చేసరికి ముక్కలవుతుంది. ఆ ముక్కల్ని కడిగి, పైనుంచి కిందికి వరస తప్పకుండా పెట్టెల్లో సర్ది, లోతు రాసి అరల్లో పెట్టాలి. మూడు మీటర్ల రాయికి ఒక పెట్టె, పెట్టెలో మూడు వరసలు. ఇరవై రెండేళ్ళుగా పరుశురాం చేస్తున్న పని ఇదే.

ఓస్, ఇంతేనా అనకండి. రాయికి తలా తోకా ఉండవు. అందుకని ప్రతి ముక్క మీదా పొడుగునా రెండు గీతలు గీస్తారు, ఒకటి ఎర్రది, ఒకటి నల్లది. ముక్కను నిలబెట్టి చూస్తే ఎర్ర గీత కుడివైపుండాలి. ఎడమవైపుందంటే ముక్క తలకిందులైందన్నమాట. మన చేతిలో ఉన్నది కోట్ల ఏళ్ళ కిందటి ఇసుక. దానికి పైన ఏది, కింద ఏది అన్న సంగతి తేల్చేవి ఆ రెండు గీతలు, వాటిని గీసిన మనిషి మాట. అంతకంటే వేరే సాక్ష్యం చాలాసార్లు ఉండదు.

పరుశురాం పందొమ్మిదేళ్ళ వయసులో సిరిసిల్ల పక్క ఊరి నుంచి వచ్చి, ఖటోదరాలో మరమగ్గాల మీద పదిహేడేళ్ళు పనిచేశాడు. ఆ చప్పుడుకు ఎడమ చెవి సగం పోయింది. కార్ఖానా మూతపడ్డాక ఒక గుత్తేదారు చెయ్యి పట్టుకుని ఈ షెడ్డుకొచ్చాడు. "రాళ్ళు లొల్లి చెయ్యవు, నాకు గదే సుఖం" అంటాడు. షెడ్డులో గుజరాతీలూ బీహారీలూ అందరికీ ఆయన కాకా. ఫలానా బావి, ఫలానా పెట్టె అంటే చాలు, రిజిస్టరు తెరవకుండా నేరుగా ఆ అర దగ్గరికి నడుస్తాడు. "పరుశురాం పెట్టాడంటే వరస తప్పదు" అనే మాట ఆ కంపెనీలో పాతబడిపోయింది. ఆ మాటంటే ఆయనకు ప్రాణం. చెప్పొద్దూ, కాస్త గర్వం కూడా. రెండు నెలల్లో రిటైరవుతున్నాడు, వెళ్ళేటప్పుడు తనతో తీసుకెళ్ళదగ్గది ఆ ఒక్క మాటేనని ఆయన లెక్క.

ఆ లెక్క ఊర్మిళ వచ్చాక తప్పింది.

ఊర్మిళది రాజమండ్రి. ముప్పై నిండలేదు. అడాజన్‌లో ఒక ఫ్లాటు తీసుకుని ఉంటోంది. లాగ్ చదవడం ఆమె ఉద్యోగం. బావిలోకి తాడు కట్టి ఒక పరికరాన్ని దింపుతారు. అది కిందినుంచి పైకి వస్తూ రాయి ఎలా ఉందో గీతలు గీస్తుంది, ఆ గీతలనే లాగ్ అంటారు. ఒక గీత బంకమట్టి ఎంతుందో చెబుతుంది, ఒకటి సందులెన్నున్నాయో, ఒకటి ఆ సందుల్లో నూనె ఉందో నీళ్ళున్నాయో చెబుతుంది. భూమి లోపల చమురు చెరువులా నిండి ఉంటుందనుకుంటాం మనం. ఉండదు. తడిగుడ్డలో నీళ్ళున్నట్టు ఇసుకరాయి సందుల్లో ఉంటుంది. అందుకే ఆ రాయి మంచిదా చెడ్డదా అన్నది ముందు తేలాలి.

ఓల్పాడ్ అవతల కంపెనీకి ఉన్న చమురు క్షేత్రాన్ని ఇక వదిలేద్దామా అని పైవాళ్ళు ఆలోచిస్తున్నారు. అక్కడి మూడో నంబరు బావిలో మూడు మీటర్ల ఇసుకరాయి ఉంది, దాన్ని ఆఖరుసారి తూకం వేసి, కంప్యూటర్లో భూమి లోపలి బొమ్మ కట్టి చూపించమని ఊర్మిళను పెట్టారు. శుక్రవారం మీటింగు. ఆమె సోమవారం పొద్దున్నే చేతిలో పొడుగాటి కాగితంతో షెడ్డులోకి వచ్చింది. తెలుగు మాట్లాడే మనిషి దొరికాడని ఆమెకు సంబరం.

"కాకా గారూ, ఇదేం చోద్యమండీ! మీ రాయీ నా గీతా పోట్లాడుకుంటున్నాయి."

"ఏందమ్మా, ఏమైంది?"

ఆమె ఆ మూడు మీటర్ల రాయి ఉన్న ఏడో పెట్టె ముందు కాగితం పరిచింది. "నా గీత చూడండి. పైకి వచ్చేకొద్దీ బంక తగ్గి ఇసుక శుభ్రంగా అవుతోందంటోంది. మీ పెట్టె చూస్తే మంచి గరుకు ఇసుకంతా అడుగునుంది, పైనంతా బంకే. ఒకే మూడు మీటర్లండి, ఇద్దరూ రెండు మాటలు చెబితే ఎలా?"

బల్ల తుడుస్తున్న గుడ్డ పరుశురాం చేతిలో అలాగే ఉండిపోయింది.

"పాత రిపోర్టులన్నీ చదివాను. గీతకే ఏదో తేడా, రాతిలో అభ్రకం ఉండి ఇసుకను కూడా బంకలా చూపిస్తోందని తేల్చారు. నేనూ అదే రాసేస్తానండి. రాయి కళ్ళకి కనబడుతుంటే గీతనేం నమ్ముతాం? పైగా సర్దింది మీరాయె," అని నవ్వి వెళ్ళిపోయింది.

ఆ రోజు పరుశురాం మధ్యాహ్నం డబ్బా విప్పలేదు. ఎందుకంటే ఏడో పెట్టె తలకిందులుగా ఉందని ఆయనకు తెలుసు. పదమూడేళ్ళుగా తెలుసు. ప్రపంచంలో ఆయనొక్కడికే తెలుసు.

జరిగిందేమిటంటే, పదమూడేళ్ళ కిందట ఆషాఢం వానలకు షెడ్డు కప్పు కారింది. సరిగ్గా ఆయన రోజూ నిలబడే చోటే ధార. అప్పట్లో పెట్టెలు అట్టవి. మూడో బావి ఏడో పెట్టె నాని అడుగు ఊడింది. మెత్తటి ఇసుకరాయేమో, ముక్కల మీది గీతలు కూడా తడికి చెదిరిపోయాయి. కొత్త పెట్టె తెచ్చి ముక్కలు మార్చాలి. తన చోట నీళ్ళు పడుతున్నాయని బల్లకు అవతలివైపుకు వెళ్ళి నిలబడ్డాడు. ఎప్పట్లాగే ఎడమచేతి పైమూల నుంచి మొదలుపెట్టి, ఒక్కో ముక్కా తీసి కొత్త పెట్టెలో అదే వరసలో పెట్టాడు. ఇటు నిలబడితే ఆ మూల పెట్టెకు తల. అటు నిలబడితే అదే తోక. తొమ్మిదేళ్ళ అలవాటు చేతులను నడిపించింది, బుర్ర దాని పక్కకే రాలేదు. ఆపైన ఎంతో శ్రద్ధగా ముక్కముక్కకూ గీతలు గీశాడు, ఎర్రది కుడివైపుకు.

సాయంత్రం ఆరో పెట్టె పక్కన ఏడోదాన్ని పెట్టినప్పుడు తెలిసింది. ఆరో పెట్టె చివరి ముక్కా ఏడో పెట్టె మొదటి ముక్కా ఒకే రాయి విరిగినవి. విరిగిన పళ్ళు ఒకదాంట్లో ఒకటి కూర్చోవాలి. కూర్చోలేదు. పెట్టె తలకిందులైందని అర్థమైంది. బయట కంపెనీ బస్సు హారన్ కొడుతోంది. పొద్దున వచ్చి సరిచేద్దామనుకుని వెళ్ళిపోయాడు. పొద్దున వచ్చేసరికి ల్యాబు బండి పెట్టెల్ని ఎత్తుకుపోయింది.

ఒక్క ఫోన్ చేస్తే సరిపోయేది. చెయ్యలేదు. ఆ వారమే ఆయన పేరు మీద పర్మినెంటు కాగితం రావలసి ఉంది. వచ్చాక నాలుగు రోజులాగి చెబుదామనుకున్నాడు. ఆ నాలుగు రోజులు అలా సాగాయి, సాగాయి, ఈలోగా ల్యాబువాళ్ళు రాయిని నిలువునా కోసి, ఫోటోలు తీసి, రిపోర్టు అచ్చువేసి పంపారు.

అప్పుడు కంపెనీలో రఘుపతి అనే జియాలజిస్టు ఉండేవాడు. నిజామాబాద్ మనిషి, మెత్తటివాడు. పర్మినెంటు కాగితానికి పరుశురాం పేరు సిఫారసు చేసింది ఆయనే. రఘుపతి కూడా ఊర్మిళలాగే గీతకూ రాయికీ పొంతన లేదని పట్టుకున్నాడు. రాతిలోని నూనె లోపలికి రావడానికి బావి గొట్టానికి చిల్లులు ఎక్కడ పెట్టాలన్నది అప్పటి ప్రశ్న. పైమీటరులో పెట్టాలి, నూనె అక్కడుంది అన్నాడు రఘుపతి. టీము నాయకుడు శ్యాంసుందర్, "రాయి చేతిలో పెట్టుకుని గీతలు చదువుతావేంటయ్యా?" అని అందరి ముందూ నవ్వాడు. మిగతావాళ్ళూ నవ్వారు. రఘుపతి రెండు రోజులు పెట్టెల ముందు నిలబడి, మూడోరోజు పరుశురాం భుజం మీద చెయ్యేశాడు.

"పరుశురాం, నీ మాటంటే నాకు గురి. ఈ వరసలో ఏదైనా అటూ ఇటూ అయిందా?"

"లేదు సార్. నా చేతులతోటి పెట్టిన. అంత కరెక్టుగున్నది."

ఆ మాట విని రఘుపతి తలాడించి వెళ్ళిపోయాడు. పెట్టెలో మంచి ఇసుక కనిపించిన అడుగుమీటరులోనే చిల్లులు పడ్డాయి. బావిలోంచి నీళ్ళొచ్చాయి. ఆ రాయి పనికిరాదని తేల్చి బావి మూసేశారు. ఆరు నెలలు తిరక్కుండా రఘుపతి ఉద్యోగం మానేశాడు. అడాజన్‌లో పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతున్నాడని పరుశురాం విన్నాడు. ఒకసారి బీఆర్టీఎస్ బస్సు స్టాపులో దూరంగా ఆయన్ను చూసి స్తంభం చాటుకు వెళ్ళాడు కూడా. అదీ సంగతి.

సోమవారం సాయంత్రం సంతోషి అన్నం పెట్టి కూర్చుంది. ఆయన ముద్ద కలుపుతున్నాడు తప్ప తినడం లేదు.

"ఏందయ్యా, కూర మంచిగ లేదా? ఇంక రెండు నెలలైతే ఇంట్లనే ఉంటవు, గప్పుడు గిట్ల మూతి ముడుస్తే నేనైతే ఊకోను."

ఆయన చెప్పేశాడు. మొదటిసారి, మొదటినుంచీ చివరిదాకా. అప్పుడు వచ్చింది చూడండి సంతోషి నోట మాట.

"పదమూడేండ్లు నా కడుపుల మాట నీకు చెప్పుకుంట నేనుంటే, నువ్వు గిది దాస్కొని బతికినవా? గా రఘుపతి సారు మనింట్ల కూసొని సర్వపిండి తిన్నడు. నీ కొలువు నిలవెట్టిండు. ఆయనకే అబద్ధం చెప్పినవా!"

"భయమైందే."

"గప్పుడు భయమైంది, సరే. ఇప్పుడేంది? రెండు నెలలైతే నిన్ను కొలువుల కెల్లి ఎవడు తీసేస్తడు?"

"కొలువు గాదే. నా పేరు పోతది."

సంతోషి ఆయన ముఖంలోకి చూసింది. ఆ మాట ఎంత లోపలినుంచి వచ్చిందో ఆమెకు తెలుసు. అయినా వదలలేదు. "గా సారు పేరు పోయినప్పుడు నీకు కండ్ల పడలేదా? రేపు పోయి చెప్పు. లేకుంటె నేనే బస్సెక్కి వస్త, చెప్తున్న."

మంగళవారం పొద్దున ఆయన ఊర్మిళ బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "మేడం, గా ఏడో పేటీ ఉల్టా ఉన్నది. నేనే పెట్టిన" అన్నాడు. ఆమె ముందు నవ్వింది. ఆయన నవ్వకపోయేసరికి కుర్చీలోంచి లేచింది.

ఇద్దరూ షెడ్డులోకి వెళ్ళారు. పరుశురాం ఆరో పెట్టె దించి చివరి ముక్క తీశాడు. ల్యాబువాళ్ళు నిలువునా కోసినా వెనకవైపు చెక్క విరిగినది విరిగినట్టే ఉంది. దాన్ని ఎడమచేత్తో పట్టుకుని, ఏడో పెట్టెలో మొదటి ముక్క కాకుండా చిట్టచివరి ముక్క తీసి, తలకిందులుగా తిప్పి, దానికింద ఆనించాడు. ఏటవాలుగా విరిగిన అంచులు ఒకదాంట్లో ఒకటి దిగి కదలకుండా నిలిచాయి. మధ్యలో వేలిగోరు దూరే సందు కూడా లేదు.

"అమ్మ బాబోయ్," అంది ఊర్మిళ. మరుక్షణం పరుగున కంప్యూటర్ ముందుకెళ్ళి కూర్చుంది. ఆ మూడు మీటర్ల రాయిలో అడుగడుగునా సందులెన్నున్నాయో ల్యాబు కొలిచిన అంకెలు ఆమె దగ్గరున్నాయి. వాటిని తెరమీద చుక్కలుగా పెట్టి ఉంచింది. ఇన్నాళ్ళూ చుక్కలొక దారీ గీతొక దారీగా ఉన్నాయి. ఆమె చుక్కల వరసను తిరగేసి ఒక మీట నొక్కింది. చుక్కలన్నీ వచ్చి గీతమీద కూర్చున్నాయి. ఒకటో రెండో పక్కకు జరిగాయి, అంతే.

ఆమె చాలాసేపు తెరవంకే చూసింది. కోపం వచ్చిందని పరుశురాంకు అర్థమైంది, ఎందుకంటే 'కాకా గారూ' అనలేదు.

"మీకు తెలుసా దీనివల్ల ఏమైందో? అందరూ దీన్ని వాగు ఇసుక అనుకున్నారు. వాగులో బరువు ఇసుక అడుగున ఉంటుంది, పైన బురద. వాగు సన్నంగా వంకర్లు తిరిగి పోతుంది, అవతల బావి తవ్వితే ఇసుక దొరుకుతుందని నమ్మకం లేదు. అందుకే పనికిరాదన్నారు. ఇది వాగు కాదండీ. మన తాపీ నది వెళ్ళి హజీరా దగ్గర సముద్రంలో కలవట్లేదూ, అలాంటి చోటు. అక్కడ ఇసుక బురదమీదికి పరుచుకుంటూ వస్తుంది. పైకొచ్చేకొద్దీ మంచి ఇసుక."

ఆమె ఇంకేవో నొక్కింది. సన్నటి పాములా ఉన్న పసుపు రంగు చారిక తెరమీద వెడల్పయి, విసనకర్రలా విచ్చుకుంది. రాతి సంగతి పెద్దగా తెలియని పరుశురాంకు కూడా దానర్థం తెలిసింది, ఇసుక చాలా దూరం పరుచుకుని ఉంది.

"పైమీటరుకు చిల్లులు వెయ్యనే లేదు," అంది ఊర్మిళ. "నూనె అక్కడే ఉండిపోయిందేమో. ఉందో లేదో వేసి చూస్తే గానీ తెలీదు, కానీ ఉండొచ్చు. వేసి చూడాల్సిన మాట మాత్రం నిజం."

"రఘుపతి సారు గదే చెప్పిండు, పైమీటరు అని."

"ఆయనెవరు?"

చెప్పాడు, తను ఆయనకిచ్చిన జవాబుతో సహా. ఊర్మిళ ముఖంలో కోపం పోయి ఇంకేదో వచ్చింది. జాలి కావచ్చు. "చూడండి కాకా గారూ, రిపోర్టులో నేను 'ఏడో పెట్టె అమరికలో పొరపాటు జరిగింది, సరిచేశాం' అని రాస్తాను. ఎవరు చేశారో రాయక్కర్లేదు. ల్యాబులో జరిగిందనుకుంటారు. రెండు నెలల్లో వెళ్ళిపోతున్నారు, ఇప్పుడెందుకండీ మీ పేరు?"

పరుశురాం ఆమెకు దండం పెట్టాడు. నిజం చెప్పాలంటే ప్రాణం లేచొచ్చినట్టయింది. రాయి సరయింది, బొమ్మ సరయింది, పేరు పేరులాగే ఉంది. ఇంతకంటే ఏం కావాలి? సంతోషికి కూడా ఈ మాట చెబితే చాలనుకుంటూ సాయంత్రం బస్సెక్కాడు.

అడాజన్ వచ్చేసరికి దిగిపోయాడు. ఎందుకు దిగాడో తర్వాత ఎవరడిగినా చెప్పలేకపోయాడు. రఘుపతి ఉండే సొసైటీ ఆయనకు ఎప్పటినుంచో తెలుసు, వెళ్ళకుండా ఉండడానికే తెలుసుకున్నాడు. రెండో అంతస్తు. తలుపు బయట చెప్పులు గుట్టగా ఉన్నాయి, లోపల ట్యూషన్ నడుస్తోంది. రఘుపతి తలుపు తీశాడు. జుట్టు మొత్తం తెల్లబడింది.

"అరే, పరుశురామా! రా రా, లోపలికి రా. ఎన్నేళ్ళయింది!"

ఆ సంతోషం చూసి పరుశురాం గడప దాటలేదు. "సార్, మూడో నంబరు బావి, ఏడో పేటీ ఉల్టా పెట్టిన. మీరడిగిననాడు నాకెర్కనే. ఎర్కుండి అబద్ధం చెప్పిన. మీ గీత కరెక్టు సార్. మీరు చదివింది కరెక్టు" అని ఊపిరి తీసుకోకుండా చెప్పేశాడు.

రఘుపతి తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. లోపల ఒక పిల్ల ఏదో సందేహం అడుగుతోంది. ఆయన వినలేదు.

"వాళ్ళు నవ్వారని నేను మానేశాననుకుంటున్నావా?" అన్నాడు చివరికి. గొంతు పెద్దది చెయ్యలేదు. "నవ్వితే నవ్వనీ అనుకున్నాను. ఇంకో పదిసార్లు ఆ గీత చదివాను, పదిసార్లూ అదే చెప్పింది. అప్పుడు నిన్నడిగాను. నువ్వు సరిగ్గా ఉందన్నావు. నువ్వు తప్పు చెప్పవు కాబట్టి నా కళ్ళే తప్పు చెబుతున్నాయనుకున్నాను. ఆ తర్వాత ఏ లాగ్ చూసినా భయమే. ఈ గీత నిజంగా ఇలాగే ఉందా, నేనే ఇలా చూస్తున్నానా అని. చదవలేకపోయాను పరుశురాం. అందుకు మానేశాను."

పరుశురాం చేతులు జోడించాడు. ఇన్నాళ్ళూ ఒక బావి పాడుచేశానని, ఒక మనిషి కొలువు పోగొట్టానని కుమిలాడు. అసలు నష్టం ఏమిటో ఆయనకు ఇప్పుడు తెలిసింది.

"పిల్లలున్నారు, నువ్వెళ్ళు," అని రఘుపతి తలుపు వేసుకున్నాడు.

శుక్రవారం మీటింగులో షెడ్డువాళ్ళకు పని లేదు. పరుశురాం ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళి గోడ పక్కన నిలబడ్డాడు. ఊర్మిళ తెరమీద విచ్చుకున్న పసుపు బొమ్మ చూపించి, పెట్టె అమరికలో పొరపాటు జరిగిందని చెబుతుండగా చెయ్యెత్తాడు. శ్యాంసుందర్ ఇప్పుడు ఆ ఆఫీసుకే పెద్ద. ఏమిటన్నట్టు చూశాడు.

హిందీలోనే చెప్పాడు పరుశురాం, ఇరవై రెండేళ్ళలో ఆ గదిలో ఆయన నోరు విప్పడం అదే మొదలు. "పొరపాటు జరగలేదు సార్, నేను చేశాను. తెలిసి దాచాను. రఘుపతి సార్ అడిగితే అబద్ధమాడాను. పైమీటరని ఆయన ఆనాడే చెప్పారు. అది కాగితం మీద రాయాలి, నా పేరూ రాయాలి."

"పాత సంగతులు ఇప్పుడెందుకు కాకా," అన్నాడు శ్యాంసుందర్, చేతిలో పెన్ను తిప్పుతూ. ఆయన ఇబ్బంది ఆయనది. ఆ రోజు నవ్వింది ఆయనే మరి.

"ఎవరో చేశారని రాస్తే, ఎవరూ చెయ్యలేదనుకుంటారు సార్. ఆయన చదివింది తప్పే అనుకుంటారు ఇంకా."

శ్యాంసుందర్ పెన్ను బల్లమీద పెట్టేశాడు. "రాయండి," అన్నాడు ఊర్మిళతో. "ఇద్దరి పేర్లూ రాయండి. నేను వినలేదని కూడా రాయండి."

క్షేత్రాన్ని వదిలెయ్యడం వాయిదా పడింది. పైమీటరుకు చిల్లులు వేసి చూడాలని తీర్మానం జరిగింది, వానలు తగ్గాక వేస్తారు. నూనె వస్తుందో నీళ్ళే వస్తాయో ఇది రాసేనాటికి ఎవరికీ తెలియదు. పరుశురాంకు మాత్రం జరగాల్సింది వెంటనే జరిగింది. "పరుశురాం పెట్టాడంటే వరస తప్పదు" అనే మాట షెడ్డులో ఆగిపోయింది. ఆయన సర్దిన పాత పెట్టెలన్నీ మళ్ళీ తనిఖీ చెయ్యాలని కాగితం వచ్చింది. రోజుకు పది పెట్టెల చొప్పున వేరేవాళ్ళు తనిఖీ చేస్తుంటే, తను మోసుకొచ్చి ఇచ్చాడు. మనసు కోసుకుపోయింది, అయినా ఒక్కరోజు సెలవు పెట్టలేదు. చూసినంతవరకూ ఏడో పెట్టె తప్ప ఇంకొకటేదీ తప్పని తేలలేదు. అలాగని ఆ మాట తిరిగి రాలేదు.

పది రోజుల తర్వాత ఊర్మిళ షెడ్డుకొచ్చింది. పరుశురాం అరల మధ్య స్టూలు మీద కూర్చుని పెట్టెల మీద దుమ్ము తుడుస్తున్నాడు.

"కాకా గారూ, రిపోర్టు కాపీ రఘుపతి గారికి పంపానండి. నిన్న ఫోన్ చేశారు."

ఆయన గుడ్డ పక్కన పెట్టాడు. "ఏమన్నరు?"

"రిపోర్టు గురించి ఏం అనలేదండి. మూడో బావి లాగ్ మొత్తం పంపమన్నారు, పై నుంచి కిందిదాకా. పక్క బావులవి కూడా ఉంటే పంపమన్నారు. ఆదివారం పిల్లలకి సెలవిచ్చేశారట. కూర్చుని చదువుతారట."

"నా గురించి ఏమన్న అడిగిండ్రా?"

ఊర్మిళ చేతిలోని కాగితాలు సర్దుకుంది. "లేదండి."

పరుశురాం తల ఊపాడు. అడగలేదని బాధపడ్డాడేమో అనుకుని ఆమె ఇంకేదో చెప్పబోయింది.

"పంపు బిడ్డా," అన్నాడాయన, "అన్ని పంపు. ఆయన కండ్లు మంచియే బిడ్డా, ఎప్పటికి మంచియే ఉండె." రెండు చేతుల్లో ముఖం పెట్టుకుని భుజాలు కదిలిపోయేలా ఏడ్చాడు. ఊర్మిళ పక్కనున్న పెట్టెల మీద కాగితాలు పెట్టి, ఆయన సర్దుకునేదాకా అక్కడే నిలబడింది.